కెటిల్స్ యార్డ్‌కు పరిరక్షణ ప్లాన్ రాసిన అనుభవం

పాత భవనాల పరిరక్షణ చదవడానికి హైదరాబాద్ నుంచి ఇంగ్లండ్ వచ్చాక, ఏదైనా ఒక భవనానికి దీర్ఘకాలిక ప్లాన్ రాయమని మాకు ప్రాజెక్టు ఇచ్చారు. మా గ్రూపు కేంబ్రిడ్జ్‌లోని కెటిల్స్ యార్డ్ అనే ఇంటి మ్యూజియాన్ని ఎంచుకుంది. లండన్‌లోని టేట్ గ్యాలరీలో క్యురేటర్‌గా చేసిన జిమ్ ఈడ్, ఆయన భార్య హెలెన్ పాడుబడ్డ నాలుగు చిన్న ఇళ్లను కలిపి చేసుకున్న ఇల్లది. 1966లో కళాఖండాలతో సహా యూనివర్సిటీకి ఇచ్చేశారు. లెస్లీ మార్టిన్, డేవిడ్ ఓవర్స్ డిజైన్ చేసిన ఆధునిక భాగం 1970లో తోడైంది.

దేన్ని కాపాడాలో తేల్చుకున్నాకే ఎలా కాపాడాలో రాయాలి. చారిత్రక స్థలాల పరిరక్షణకు ఆస్ట్రేలియాలో రాసుకున్న మార్గదర్శక పత్రం బుర్రా చార్టర్ చెప్పే క్రమం కూడా అదే. ఇక్కడ ఆ మొదటి మెట్టే కష్టం. బొమ్మల పక్కన పేర్ల చీటీలుండవు. గులకరాళ్లకూ శిల్పాలకూ ఒకటే మర్యాద. స్పెయిన్ చిత్రకారుడు హువాన్ మీరో వేసిన బొమ్మలో ఒక పసుపు చుక్క ఉంటుంది, దానికి జోడీగా ప్యూటర్ (తగరం కలిసిన లోహం) పళ్లెంలో ఒక నిమ్మకాయ. ఆ అమరికే అసలు కళాఖండమని నాకనిపించింది. అందుకే నిమ్మకాయను కూడా జాబితాలో చేర్చి, ఎప్పుడు మార్చాలో, ఎవరు మార్చాలో రాశాను.

బాగా టెన్షన్ పెట్టింది మాత్రం వెలుతురు. ఆ ఇంటి అందమంతా పగటి వెలుగులోనే ఉంది. కాగితం మీది బొమ్మలకేమో 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) మించకూడదంటారు. ఎండరోజు కిటికీ పక్కన అది వేలల్లోకి పోతుంది. అసలువి తీసేసి నకళ్లు పెడదామని గ్రూపులో ఒకరన్నారు. నాకు మనసొప్పలేదు. అక్కడికొచ్చినవాళ్లు కుర్చీలో కూర్చుని, అసలు బొమ్మల మధ్య కాసేపు గడపాలి కదా!

చివరికి ఏడాది మొత్తానికి లెక్క కట్టాం. 50 లక్స్‌లో మూడు గంటలున్నా, 150 లక్స్‌లో ఒక గంటున్నా రంగు వెలిసిపోయేది దాదాపు అంతే. కాబట్టి సందర్శకులు లేనంతసేపూ తెరలు దించి ఉంచాలి, కిటికీ అద్దాలకు అతినీలలోహిత కిరణాలను ఆపే ఫిల్మ్ అంటించాలి. అలా మిగిల్చిన వెలుతురును తెరిచి ఉన్న వేళల్లో ఖర్చుపెట్టుకోవచ్చు. మరీ సున్నితమైన నీటిరంగుల బొమ్మలకు మాత్రం కొన్ని నెలలు చీకట్లో విశ్రాంతి, అంతవరకే నకలు. ఈ రాజీకి నేనూ ఒప్పుకున్నాను.

ఇరవై ఏళ్ల తర్వాత ఈ ప్లాన్ ఎవరు తెరుస్తారని మా గైడ్ అడిగారు. ఆ మాట విన్నాక ప్రతి పనికీ ఎదురుగా దాన్ని చేయాల్సిన ఉద్యోగి హోదా రాశాం. ప్రతి గదిలో ఏ వస్తువు ఎక్కడుందో ఫొటోలూ కొలతలూ జతచేశాం. ఐదేళ్లకోసారి అంతా మళ్లీ సరిచూడాలన్న షరతును మొదటి పేజీలోనే పెట్టాం.