దీపం ఆరాక ఎక్కిన నీళ్ళు

ఆదివారం, రాత్రి పదిన్నర

రేపు మూడో పీరియడ్‌లో ఎనిమిదో తరగతికి దహనం పాఠం మొదలుపెట్టాలి. పొద్దున లేవగానే, ఇదేం పెద్ద పని, అరగంటలో లెసన్ ప్లాన్ రాసేసి మిగతా రోజంతా హాయిగా ఉందాం అనుకున్నాను. తొమ్మిదేళ్ళుగా చెబుతున్న పాఠం. పాత నోట్సులో తేదీ మారిస్తే సరిపోతుంది. నిజానికి రెండేళ్ళుగా తేదీ మార్చే నెట్టుకొస్తున్నాను.

ఈసారి మాత్రం ప్రయోగం ఒకసారి ఇంట్లోనే చేసి చూసుకుందామనిపించింది. కారణం, పోయినేడాది ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న. దాని సంగతి తర్వాత రాస్తాను, ముందు ప్రయోగం.

అందరికీ తెలిసిందే. పళ్ళెంలో కాసిని నీళ్ళు పోసి, మధ్యలో కొవ్వొత్తి నిలబెట్టి, వెలిగించి, దాని మీద గాజు గ్లాసు బోర్లిస్తాం. కొద్ది సెకన్లలో దీపం ఆరిపోతుంది, పళ్ళెంలోని నీళ్ళు గ్లాసులోకి ఎక్కుతాయి. పిల్లలు "ఓ" అంటారు. నేను బోర్డు మీద "గాలిలో ఆక్సిజన్ 21 శాతం" అని రాసి, "మంట ఆక్సిజన్‌ని వాడేసుకుంది, ఆ ఖాళీలోకి నీళ్ళు వచ్చాయి, అందుకే సుమారు ఐదో వంతు ఎక్కాయి" అని చెబుతాను. ఇంతలో గంట కొడతారు. వాళ్ళకీ హాయి, నాకూ హాయి.

పోయినేడాది గంట కొట్టాక ఒక అమ్మాయి నా టేబుల్ దగ్గరికొచ్చి నిలబడింది. క్లాసులో ఎప్పుడూ నోరు తెరవని పిల్ల. "టీచర్, దీపం వెలుగుతున్నంతసేపూ నీళ్ళు ఎక్కలేదు కదా, ఆరిపోయాకే కదా ఎక్కాయి? ఆక్సిజన్ అయిపోతూ ఉంటే మొదటి నుంచే మెల్లమెల్లగా ఎక్కాలి కదా?" అంది. నేను హాజరు పుస్తకం సర్దుకుంటూ "టైమ్ పడుతుందమ్మా, నెమ్మదిగా జరుగుతుంది" అన్నాను. ఆ పిల్ల తలూపి వెళ్ళిపోయింది. అలా తలూపడం అర్థమయ్యి కాదు, ఇక అడగనులే అని.

ఆ తలూపుడు ఏడాదిగా అప్పుడప్పుడు గుర్తొస్తూనే ఉంది.

సరే, పొద్దున పది గంటలకి టేబుల్ మీద పాత పేపర్లు పరిచి కూర్చున్నాను. నీళ్ళలో రెండు చుక్కలు సిరా కలిపాను, మట్టం స్పష్టంగా కనబడాలని. గ్లాసు ఎత్తు పన్నెండు సెంటీమీటర్లు. మా అమ్మాయి పక్కన కూర్చుని ఫోన్లో స్టాప్‌వాచ్ పట్టుకుంది. తనకి ఇదంతా ఆదివారం హోంవర్కు తప్పించుకునే మార్గం, నాకు తెలుసు, ఏమీ అనలేదు.

గ్లాసు బోర్లించాను. మొదట కనబడినవి బుడగలు. గ్లాసు అంచు కింద నుంచి రెండు మూడు బుడగలు బయటికి వచ్చాయి. తొమ్మిదేళ్ళలో నేను వాటిని ఒక్కసారి కూడా గమనించలేదు! క్లాసులో ఆ సమయానికి వెనక బెంచీ వాళ్ళని కూర్చోమని చెబుతూ ఉంటాను మరి. పదకొండో సెకనుకి దీపం ఆరింది. అప్పటిదాకా నీళ్ళు దాదాపు కదల్లేదు. ఆరిన మరుక్షణం గబగబా ఎక్కి ఆగాయి. స్కేలు పెట్టి కొలిస్తే ఒకటిన్నర సెంటీమీటరు.

ఐదో వంతు అంటే 2.4 సెంటీమీటర్లు రావాలి. ఇన్నేళ్ళూ నేను బోర్డు మీద ఐదో వంతు అని రాశానే గానీ, స్కేలు పెట్టి చూడలేదు.

"అమ్మా, ఇంకో రెండు కొవ్వొత్తులు పెట్టు" అంది మా అమ్మాయి. ఊరికే, సరదాకి అంది. మూడు కొవ్వొత్తులు దగ్గర దగ్గరగా నిలబెట్టి, అదే గ్లాసు బోర్లించాను. ఈసారి బుడగలు ఎక్కువ. దీపాలు ఆరు సెకన్లకే ఆరిపోయాయి. నీళ్ళు మూడు సెంటీమీటర్ల దాకా ఎక్కాయి.

అదే గ్లాసు. అందులో ఉన్నది అదే గాలి, అంతే ఆక్సిజన్. కొవ్వొత్తులు ఎన్నైనా, వాడుకోవడానికి ఉన్న ఆక్సిజన్ పెరగదు కదా. మరి నీళ్ళు రెట్టింపు ఎందుకు ఎక్కాయి? నా పాత వివరణ అక్కడే, సిరా నీళ్ళలో మునిగిపోయింది.

తర్వాత రెండు గంటలు కాగితం, పెన్నుతో కూర్చున్నాను. ఒంటరిగా తప్పు ఒప్పుకోవడం సులువే, లెక్కే కష్టం. మైనం అనేది రకరకాల హైడ్రోకార్బన్ల మిశ్రమం. అందులో 25 కార్బన్లు, 52 హైడ్రోజన్లు ఉన్న అణువును తీసుకుంటే, అది పూర్తిగా కాలడానికి 38 ఆక్సిజన్ అణువులు కావాలి. బదులుగా 25 కార్బన్ డయాక్సైడ్ అణువులు, 26 నీటి అణువులు వస్తాయి. నీటి ఆవిరి చల్లబడి గాజు లోపలి గోడ మీద మంచులా పడుతుంది (పడింది కూడా, వేలితో గీస్తే గీత వచ్చింది). కానీ కార్బన్ డయాక్సైడ్ వాయువుగానే ఉంటుంది, ఆ కాసేపట్లో నీళ్ళలో పెద్దగా కరగదు. అంటే పోయిన ఆక్సిజన్ స్థానంలో మూడింట రెండు వంతుల వాయువు తిరిగి వచ్చేసింది. ఇంకో సంగతి, మంట ఆక్సిజన్‌ని మొత్తం వాడుకోదు. ఆక్సిజన్ 16 శాతం దగ్గరికి పడిపోయేసరికే మామూలు కొవ్వొత్తి ఆరిపోతుంది. ఇవన్నీ కలిపి లెక్కేస్తే ఆక్సిజన్ పోవడం వల్ల తగ్గే ఘనపరిమాణం నూటికి రెండు పాళ్ళ లోపే.

మిగతాదంతా వేడి. గ్లాసు బోర్లించేటప్పుడు మంట చుట్టూ ఉన్న గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది. ఆ బుడగలు అదే. దీపం ఆరగానే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, బయటి గాలి పీడనం నీళ్ళని లోపలికి నెడుతుంది. మూడు కొవ్వొత్తులంటే ఎక్కువ వేడి, అందుకే ఎక్కువ నీళ్ళు. ఆ అమ్మాయి ప్రశ్నకి జవాబు ఇదే. వెలుగుతున్నంతసేపూ గాలి వేడిగా ఉంటుంది కాబట్టి నీళ్ళు ఎక్కవు.

అసలు చిక్కు ఏమిటంటే, ఒక్కోసారి ఐదో వంతు నిజంగానే వస్తుంది. లోపలి గాలి సగటున 102 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కి 27 డిగ్రీలకి చల్లబడిందనుకుంటే, అంటే సెల్సియస్‌కి 273 కలిపితే వచ్చే కెల్విన్ లెక్కలో 375 నుంచి 300కి, ఘనపరిమాణం సరిగ్గా ఐదో వంతు తగ్గుతుంది. ఆక్సిజన్ 21 శాతానికీ దీనికీ ఏ సంబంధం లేదు, కాకతాళీయం. తప్పుడు వివరణకి సరైన అంకె దొరికితే, దాన్ని అనుమానించాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది?

నాలుగింటికి నాకు కాస్త ఊరట దొరికింది. ఈ ప్రయోగం క్రీస్తు పూర్వం మూడో శతాబ్దానికి చెందిన ఫైలో అనే గ్రీకు ఇంజినీరు రాతల్లోనే ఉంది. గాలిలో కొంత భాగం నిప్పుగా మారి గాజులోని సన్నటి రంధ్రాల గుండా బయటికి పోయిందని ఆయన అనుకున్నాడట. అంటే ఈ ప్రయోగానికి తప్పు జవాబు చెప్పిన మొదటి మనిషిని నేను కాదు. వరస చాలా పొడుగు, చివర్లో ఎక్కడో నేనున్నాను.

శాస్త్రవేత్త మైఖేల్ ఫారడే కూడా గుర్తొచ్చాడు. లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో 1860 శీతాకాలంలో పిల్లల కోసం ఆరు ఉపన్యాసాలు ఇచ్చాడు. ఆరింటికీ విషయం ఒక్క కొవ్వొత్తే. నాకేమో నలభై నిమిషాల పీరియడ్, అందులో హాజరుకే ఐదు నిమిషాలు.

ఇక ప్లాన్ సంగతి. పొద్దున్నే రాసుకున్న కాగితం మీద ఒక వీడియో, ఒక చార్టు, చివర్లో క్విజ్ ఉన్నాయి. మూడూ కొట్టేశాను. పాఠం ఆసక్తిగా ఉండాలంటే ఏదో ఒకటి పేలాలి, పొంగాలి, మెరవాలి అని మాలో చాలామందికి ఉంది. నాకూ ఉండేది. ఒకసారి నురగ పొంగే అగ్నిపర్వతం చేసి చూపిస్తే క్లాసంతా చప్పట్లు కొట్టింది. వారం తర్వాత ఏం గుర్తుందని అడిగితే "నురగ" అన్నారు. దేనిలో ఏం కలిపితే నురగ వచ్చిందో ఒక్కరికీ గుర్తు లేదు. తప్పు పిల్లలది కాదు, చూడమన్నదే నురగని.

రేపు ముందు వాళ్ళ చేత ఊహ రాయిస్తాను. గ్లాసు చేతిలో పట్టుకుని, ఇంకా బోర్లించకుండా, "నీళ్ళు ఏమవుతాయి? ఎప్పుడు అవుతాయి? ఎందుకు?" అని అడిగి, నోట్‌బుక్కులో రాయమంటాను. నోటితో చెప్పించకూడదు. చెప్పిస్తే ముందు బెంచీలో ఆ ఇద్దరూ చేతులెత్తేస్తారు, మిగతా నలభైమంది ఆలోచించడం మానేస్తారు. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక్క సెకను మించి ఆగరని, మూడు సెకన్లయినా ఆగితే పిల్లల జవాబులు పొడవుగా, ఆలోచనతో వస్తాయని మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలోనే చూపించింది. మూడు సెకన్లు వినడానికి చిన్నదే. క్లాసులో నిశ్శబ్దంగా నిలబడితే మాత్రం నాకు టెన్షన్ వచ్చేస్తుంది, ఏదో ఒకటి మాట్లాడేస్తాను. రేపు మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టుకోవాలి.

ఆ తర్వాత ఒక కొవ్వొత్తితో ప్రయోగం. ఎక్కువమంది ఆక్సిజన్ అనే అంటారు, పందెం వేసి చెప్పగలను. కాదనను. "సరే, ఆక్సిజనే అయితే మూడు కొవ్వొత్తులకి ఎంత ఎక్కాలి?" అని అడుగుతాను. అంతే ఎక్కాలి అని రాసుకుంటారు. అప్పుడు మూడూ వెలిగిస్తాను. స్కేలు వాళ్ళ చేతికే ఇస్తాను, కొలత వాళ్ళే బోర్డు మీద రాయాలి. ఆ రెండు అంకెలు పక్కపక్కన కనబడ్డాక నేను మాట్లాడాల్సింది తక్కువే.

అప్పటికీ ఎవరూ వేడి దగ్గరికి రాకపోతే ఇంకోటి ఉంది, సాయంత్రం చేసి చూశాను. మంట అక్కర్లేదు. గ్లాసును వేడినీళ్ళతో కడిగి, ఆ నీళ్ళు పారబోసి, వెంటనే సిరా నీళ్ళలో బోర్లిస్తే చాలు. అర సెంటీమీటరే ఎక్కింది, కానీ ఎక్కింది. మరీ మరుగుతున్న నీళ్ళు వాడితే గ్లాసు పగలవచ్చు, చేయి పెట్టగలిగేంత వేడి చాలు.

పాఠంలో మొదటి సగం మాత్రం అలాగే ఉంచాలి. దీపం ఆరింది కదా, మండడానికి గాలి కావాలన్నది నిజమే. తేడా అంతా నీళ్ళ దగ్గరే. ఇది విడమరచి చెప్పకపోతే, పరీక్షలో దహనానికి ఆక్సిజనే అక్కర్లేదని రాసే మహానుభావులు తయారవుతారు. గత అనుభవం.

జాగ్రత్తలు: పొడుగు జుట్టున్న వాళ్ళు ముడేసుకోవాలి, అగ్గిపుల్ల నేనే గీస్తాను, పక్కన బకెట్టు నీళ్ళు. ఫ్యాన్ ఆపించాలి, లేకపోతే కొవ్వొత్తి వెలగదు. ఆపితే నలభై రెండు మంది ఉక్కపోతతో సణుగుతారు. చివరి పది నిమిషాలు ప్లాన్‌లో ఖాళీగా వదిలేశాను. వాళ్ళేం అడుగుతారో నాకు తెలియదు కాబట్టి అక్కడ రాయడానికి ఏమీ లేదు. ప్లాన్ చూసేవాళ్ళు ఆ ఖాళీ ఏమిటని అడుగుతారేమో. అడిగితే చూద్దాం.

ఒక పని మిగిలింది. ఆ అమ్మాయి ఇప్పుడు తొమ్మిదిలో ఉంది, మా గదికి రెండు గదుల అవతల. మూడో పీరియడ్‌లో వాళ్ళకి లెక్కలు. ఒక్క పది నిమిషాలు పంపమని లెక్కల సార్‌ని పొద్దున్నే అడగాలి. ఆయన ముందు "ఎందుకు టీచర్?" అంటారు. పోయినేడాది నేను ఇవ్వాల్సిన జవాబు ఒకటి బాకీ ఉందని చెబుతాను. ఆ పిల్లకి గుర్తుండకపోవచ్చు. అయినా మూడు కొవ్వొత్తులూ తన చేతనే పెట్టించాలి.

సిరా సీసా, స్కేలు, ఆరు కొవ్వొత్తులు సంచిలో పెట్టాను. గ్లాసు ఇంకా తుడవలేదు, లోపల మసి ఉంది. అగ్గిపెట్టె పోయినసారి మర్చిపోయి స్టాఫ్ రూమంతా తిరిగాను. ఇప్పుడే లేచి వేస్తాను.