గేట్ మెటలర్జీ: కన్వర్టర్‌లో గ్యాస్ స్టిరింగ్‌ని నేను ఎలా చదివానంటే

గేట్ మెటలర్జీ రాసేవాళ్లలో చాలామంది స్టీల్ మేకింగ్ అనగానే ఎల్‌డీ కన్వర్టర్ (ఆక్సిజన్ ఊది కరిగిన ఇనుమును స్టీల్‌గా మార్చే పాత్ర) బొమ్మ, రియాక్షన్లు, స్లాగ్ (లోహం పైన తేలే మలినాల పొర) బేసిసిటీ చూసుకుని ముందుకెళ్లిపోతారు. గ్యాస్ స్టిరింగ్ (గ్యాస్ పంపి కరిగిన లోహాన్ని కలపడం) దగ్గరికొచ్చేసరికి టెన్షన్ మొదలవుతుంది. నిజానికి ట్రాన్స్‌పోర్ట్ ఫినామినా (ద్రవాల ప్రవాహం, వేడి, పదార్థాల బదిలీ), స్టీల్ మేకింగ్ రెండూ కలిసి అర్థమయ్యేది ఇక్కడే. అందుకే నేను దీనికి ఎక్కువ టైమ్ ఇచ్చాను.

ముందు దీని అవసరం ఎందుకొచ్చిందో చూడండి. 1952లో ఆస్ట్రియాలోని లింజ్‌లో మొదలైన ఎల్‌డీ పద్ధతిలో ఆక్సిజన్ పైనుంచి లాన్స్ అనే పొడవాటి గొట్టం ద్వారా సూపర్‌సోనిక్ వేగంతో వస్తుంది. అయినా బాత్‌ను (పాత్రలోని కరిగిన లోహాన్ని) ఎక్కువగా కలిపేది కార్బన్ కాలినప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్ బుడగలే. బ్లో (ఆక్సిజన్ ఊదడం) చివర్లో కార్బన్ తగ్గితే బుడగలూ తగ్గుతాయి. అప్పుడు ఆక్సిజన్ ఇనుమును కాల్చేసి స్లాగ్‌లో ఐరన్ ఆక్సైడ్‌ను పెంచుతుంది. అడుగునుంచి ముందు నైట్రోజన్, తర్వాత ఆర్గాన్ పంపేది ఇందుకే. ఈ కారణం పట్టుకుంటే కంబైన్డ్ బ్లోయింగ్ (పైనుంచి ఆక్సిజన్, అడుగునుంచి గ్యాస్ పంపడం) థియరీ ప్రశ్నలు చాలావరకు తేలిపోతాయి.

స్టిరింగ్ పవర్ (బాత్‌ను కలపడానికి గ్యాస్ సెకనుకు ఇచ్చే శక్తి) ఫార్ములా బట్టీ పట్టకండి, ఒక్కసారి మీరే రాబట్టండి. బాత్ లోతు 1.5 మీటర్లు, స్టీల్ సాంద్రత ఘనపు మీటరుకు 7000 కిలోలు అనుకుందాం. అడుగున ద్రవం వల్ల వచ్చే పీడనమే దాదాపు 1 అట్మాస్ఫియర్. దానికి పైనున్న గాలి పీడనం కలిపితే 2. అంటే బుడగ పైకి వచ్చేసరికి రెట్టింపవుతుంది, ఫార్ములాలోని సహజ లాగ్ (ఎల్ఎన్ 2) విలువ 0.693. ఉష్ణోగ్రత మాత్రం బాత్‌ది, 1873 కెల్విన్ వేయాలి. అక్కడ గది ఉష్ణోగ్రత 298 వేస్తే జవాబు ఆరు రెట్లకు పైగా తగ్గిపోతుంది. పరీక్షలో స్క్రీన్‌పై ఇచ్చే వర్చువల్ కాలిక్యులేటర్‌లో ఎల్ఎన్, లాగ్ బటన్లు వేరు వేరు. మాక్ టెస్టుల్లోనే వాటికి చెయ్యి అలవాటు చేసుకోండి.

నాకు బాగా నచ్చిన భాగం వాటర్ మోడల్. 1600 డిగ్రీల స్టీల్‌కి, గది ఉష్ణోగ్రతలోని నీటికి కైనమాటిక్ విస్కాసిటీ (స్నిగ్ధతను సాంద్రతతో భాగిస్తే వచ్చేది) దాదాపు ఒకటే, సెకనుకు 10⁻⁶ చదరపు మీటర్ల దగ్గర. అందుకే పారదర్శకమైన అక్రిలిక్ పాత్రలో నీళ్లు పోసి కన్వర్టర్ ప్రవాహాన్ని కళ్లారా చూడొచ్చు. కానీ మోడల్ చిన్నదైతే రెనాల్డ్స్ (జడత్వం, స్నిగ్ధతల నిష్పత్తి), ఫ్రౌడ్ (జడత్వం, గురుత్వాల నిష్పత్తి) నంబర్లు రెండూ అసలు కన్వర్టర్‌తో ఒకేసారి కుదరవు. బుడగలు నడిపే ప్రవాహంలో గురుత్వం, జడత్వమే ముఖ్యం కాబట్టి ఫ్రౌడ్‌నే నిలబెడతారు. దాని ప్రకారం గ్యాస్ ఫ్లో రేట్ స్కేల్‌కి 2.5 ఘాతంలో మారుతుంది. నాలుగో వంతు మోడల్‌కి 32వ వంతు గ్యాస్ చాలు. మాడిఫైడ్ ఫ్రౌడ్ అని అడిగితే గ్యాస్, ద్రవ సాంద్రతల నిష్పత్తి కూడా కలుస్తుంది. ప్రశ్నలో ఆ పదం ఉందో లేదో చూశాకే లెక్క మొదలుపెట్టండి.

మిక్సింగ్ టైమ్ (బాత్ అంతా ఒకేలా కలవడానికి పట్టే సమయం) స్టిరింగ్ పవర్‌కి −0.4 ఘాతంలో మారుతుందని 1975లో నకనిషి బృందం ఇచ్చిన సంబంధం ఒకటి ఉంది. పవర్ రెట్టింపు చేసినా టైమ్ తగ్గేది 24 శాతమే. న్యూమరికల్ ఆన్సర్ ప్రశ్నలకు నెగటివ్ మార్కులు లేవు కాబట్టి ఇలాంటివి వదలకండి.

ఎంటెక్ ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లు సీఎఫ్‌డీ (ద్రవ ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కించే పద్ధతి) గురించి కూడా కొంచెం చూసుకోండి. సాఫ్ట్‌వేర్ పేర్లు చెబితే సరిపోదు. మీ కంప్యూటర్ ఫలితం సరైనదని ఎలా నమ్మాలి అని అడుగుతారు. నీటిలో ఉప్పు ద్రావణం ట్రేసర్‌గా (కలయికను గుర్తించడానికి) వేసి, కండక్టివిటీ ప్రోబ్‌తో కొలిచిన 95 శాతం మిక్సింగ్ టైమ్‌తో (ఉప్పు గాఢత తుది విలువకు 5 శాతం తేడాలోపు స్థిరపడే సమయం) పోల్చి చూస్తామని చెప్పండి.