కొండవీడు చెరువుగట్టున ఒక రాత్రి

గుంటూరు దగ్గరి కొండవీడు కోట ఉన్న కొండ మీద రాత్రి ఉండాలనుకునేవాళ్ళు ముందు నీళ్ళ సంగతి చూసుకోవాలి. మా తమ్ముడు, వాడి స్నేహితులు, నేను గుంటూరు నుంచే తాగే నీళ్ళ టిన్నులు మోసుకెళ్ళాం. ఫిరంగిపురం దాకా నరసరావుపేట బస్సు, అక్కడి నుంచి ఆటో. సాయంత్రం పూట కొండ మీదకి అనేసరికి, తిరిగి ఖాళీగా రావాలని ఆటో అతను రెట్టింపు అడిగాడు. చీకటి పడితే ఇబ్బందని ఇచ్చేశాం గానీ, ఘాట్ రోడ్డు ఎక్కినంతసేపూ నాకు ఆ కోపం తగ్గలేదు.

రాత్రి ఉండటానికి తమ్ముడు ముందే అనుమతి తీసుకున్నాడు. మంట వెయ్యకూడదన్నది షరతు. రోడ్డు పక్కన జనం ఫొటోలు దిగే చోటు వదిలేసి, చెరువు అవతలి గట్టుకి నడిచాం. అక్కడ కుళాయి లేదు, లైటు లేదు, మరుగుదొడ్డి లేదు. సీతాఫలం చెట్లు, ముళ్ళ కంపలు, బండలు. ఆడపిల్లలు రావాలంటే ఇవన్నీ ముందే తెలిసి రావాలి, అందుకే రాస్తున్నాను.

మెత్తటి నేల చూసి గుడారాలు విప్పుతుంటే, మేకల్ని కిందకి తోలుకెళ్తున్న ఒక పెద్దాయన ఆగాడు.

"ఏందమ్మా, ఈడ పండుకుంటారా?"

"అవును బాబాయ్, మెత్తగా ఉంది కదా."

"మెత్తగా ఉందంటే నీళ్ళు తెచ్చిన మట్టేనమ్మా అది. వాన పడితే ఇట్నుంచే చెరువులోకి దిగుద్ది. ఆ బండ మీదకి పోండి."

ఆకాశంలో మబ్బు పెద్దగా లేదు. అయినా ఆయన మాట తీసెయ్యబుద్ధి కాలేదు. బండ మీద మేకులు దిగవు కాబట్టి తాళ్ళని రాళ్ళకి కట్టాం. ఇంటి నుంచి తెచ్చిన పులిహోర, పెరుగన్నం, గోంగూర పచ్చడి తిని పడుకున్నాం.

అర్ధరాత్రి దాటాక వాన పడింది. తమ్ముడు టార్చి వేసి "అక్కా, చూడు" అని పిలిచాడు. మేము మొదట గుడారం వేద్దామనుకున్న చోట, జానెడు వెడల్పున ఎర్రటి నీళ్ళు, ఎండుటాకుల్ని తోసుకుంటూ చెరువులోకి పోతున్నాయి. ఎవరో వేలు పట్టి నడిపిస్తున్నట్టు ఒక్క చుక్క పక్కకి పోలేదు.

రెడ్డిరాజులు 14వ శతాబ్దంలో అద్దంకి నుంచి రాజధానిని ఇక్కడికి మార్చారని, 1515లో కృష్ణదేవరాయలు ఈ కోటని గెలుచుకున్నాడని బళ్ళో చదివాను. శ్రీనాథుడు ఇక్కడ విద్యాధికారిగా చేశాడనీ చదివాను. వాళ్ళందరూ ఏం తాగారో ఏ మాస్టారూ చెప్పలేదు. ఇంత ఎత్తుకి ఏ నదీ ఎక్కదు, ఆకాశం ఇచ్చిందే నీరు. అందుకే ముత్యాలమ్మ చెరువు, పుట్టలమ్మ చెరువు, వేదుళ్ళ చెరువు అని మూడింటిని గొలుసులా కట్టారు. ఒకటి నిండితే పొర్లిన నీళ్ళు ఇంకోదాంట్లోకి చేరతాయి. కృష్ణానది అంత దగ్గర్లో ఉన్నా, మా చిన్నప్పుడు గుంటూరులో ఎండాకాలం ట్యాంకరు హారన్ వినిపిస్తే అమ్మ వంట వదిలేసి బిందెలతో పరిగెత్తేది. ఆ రాత్రి గుడారంలో కూర్చుని నాకు ఆ బిందెలే గుర్తొచ్చాయి. ఈ కొండ మీద కరువు రోజుల కోసం ముందే ఆలోచించినవాళ్ళంటే ఎక్కడలేని గౌరవం కలిగింది.

తెల్లారి చూస్తే కడుపు రగిలిపోయింది. నీళ్ళు దిగే దారిలో ఒకచోట బిర్యానీ కవర్లు, ప్లాస్టిక్ గ్లాసులు ఇరుక్కుని నీరు మడుగు కట్టింది. గట్టు మీద పగిలిన బీరు సీసాలు. మేకలు అదే దారిన నీళ్ళకి వస్తాయి, ఆ పెద్దాయన చెప్పుల్లేకుండా నడుస్తాడు. నేను కవర్లు లాగుతుంటే తమ్ముడి స్నేహితులు పెంకులు ఏరారు. కవర్ల ముద్ద ఊడి రాగానే మడుగు గుటుక్కుమని కిందకి జారింది. మిగతా కోట, ద్వారాలు, మండపాలు చూడకుండానే పొద్దెక్కింది, దాని గురించి నాకేమీ బాధ లేదు.

ఏరిన చెత్తని మూటలు కట్టి గుంటూరు తెచ్చేశాం. పెంకులు గట్టు మీద ఇంకా చాలా మిగిలాయి. ఈ వానాకాలంలో వెళ్ళేవాళ్ళు రెండు గోనెసంచులు, మందపాటి చేతి తొడుగులు పట్టుకెళ్ళండి. గుడారం మాత్రం బండ మీదే వెయ్యండి.