నాన్న పేజీ తిప్పలేని రోజులు

బైబిలు కాగితం అంత పలచనని నాన్న జబ్బు పడేదాకా నేనెప్పుడూ గమనించలేదు. మూడో కీమో అయ్యేసరికి ఆయన వేళ్ళ చివర్లు మొద్దుబారిపోయాయి. పేజీ తిప్పబోతే నాలుగైదు కలిసి వచ్చేసేవి. వేలు తడి చేసుకుని మళ్ళీ తిప్పబోతే ఈసారి ఒక్కటీ కదిలేది కాదు. ఎన్నో ఏళ్ళుగా సంఘ పెద్దగా ఉన్న మనిషి. ఎంతమంది జబ్బు మంచాల పక్కన కూర్చుని వాక్యం చదివారో లెక్కలేదు. "అమ్మా, ఒకసారి ఇటు రా" అని పిలిచి పుస్తకం నా చేతిలో పెట్టారు. అలా అడగడం ఆయనకి ఎంత కష్టమైందో గొంతులోనే తెలిసిపోయింది.

అంతా మెడ మీద ఒక గడ్డతో మొదలైంది. నొప్పి లేదు కదా అని ఎవరం పట్టించుకోలేదు. రాత్రిళ్ళు చొక్కా తడిసి ముద్దయ్యేలా చెమటలు పట్టడం, ఊరికే బరువు తగ్గిపోవడం మొదలయ్యాక గానీ డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. ఆ ఆలస్యానికి అమ్మ ఇప్పటికీ కుమిలిపోతుంది. మీలో ఎవరికైనా అలాంటి గడ్డ ఉండి కొన్ని వారాలైనా తగ్గకపోతే, నొప్పి లేకపోయినా సరే, వెళ్ళి చూపించుకోండి. గడ్డ ముక్క తీసి చేసే బయాప్సీ పరీక్షలో డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ లింఫోమా అని వచ్చింది. లింఫు గ్రంథుల్లో పుట్టే క్యాన్సరు, త్వరత్వరగా పెరిగే రకం. అయితే మందులకి లొంగే జబ్బేనని, చాలామందికి పూర్తిగా నయమవుతుందని డాక్టరుగారు చెప్పారు. ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటికొచ్చాం.

వైద్యం పేరు ఆర్-చాప్. నరంలోకి ఎక్కించే మందులు నాలుగు, ఆ తర్వాత మింగాల్సిన స్టెరాయిడ్ మాత్రలు 5 రోజులు. 21 రోజులకోసారి, మొత్తం 6 సార్లు. మొదటిసారి ఆ నాలుగింటిలో ఒకటైన రిటుక్సిమాబ్ ఎక్కిస్తుంటే నాన్నకి చలి పుట్టి పళ్ళు టకటకలాడాయి. నర్సు వెంటనే ఆపి, ఒళ్ళు కుదుటపడ్డాక చుక్కలు బాగా తగ్గించి మళ్ళీ మొదలుపెట్టింది. డోక్సోరుబిసిన్ చూడ్డానికి ఎర్రగా ఉంటుంది. అది గుండె మీద ప్రభావం చూపొచ్చని ముందే ఎకో, అంటే గుండె స్కాన్, తీశారు. మూత్రం కూడా ఎర్రగా వస్తుంది, కంగారు పడొద్దని చెప్పారు. వేళ్ళు మొద్దుబార్చింది మాత్రం విన్‌క్రిస్టిన్.

స్టెరాయిడ్ మాత్రల రాత్రుల్లో నాన్నకి నిద్ర ఉండేది కాదు. అమ్మ పగలంతా చేసుకుంటోంది కాబట్టి రాత్రి వంతు నాది. రెండో కీమో తర్వాత అలాంటి ఒక రాత్రే ఆయన గోడ వైపు తిరిగి, "నాకు ప్రార్థన రావట్లేదమ్మా" అన్నారు.

ఏం చెప్పాలో తోచలేదు. ధైర్యం చెప్పే వచనాలు ఎన్నో నోటికి వచ్చు, కానీ అవన్నీ ఆయన దగ్గర నేర్చుకున్నవే. చేయి పట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి ఆయనే, "88వ కీర్తన చదువు" అన్నారు. అది తెలిసినవాళ్ళకి తెలుసు, మిగతా మొరల్లా చివర్లో స్తోత్రంలోకి తిరగదు. చీకటి దగ్గరే ఆగిపోతుంది. చదవడం అయ్యాక చాలాసేపటికి, "ఇది కూడా బైబిల్లోనే ఉందమ్మా" అన్నారు. అప్పటినుంచి ఆ ఐదేసి రాత్రులూ అదే చదివించుకునేవారు. ఆయన నోట ప్రార్థన రాని రోజుల్లో మేమే ఆయన తరఫున చేశాం. అది విశ్వాసం తగ్గిపోవడం అని నేనెప్పుడూ అనుకోలేదు.

అలా అనుకున్నవాళ్ళు లేకపోలేదు. పరామర్శకి వచ్చిన ఒకాయన, "నమ్మకం ఉంటే ఈ మందులన్నీ ఎందుకు? ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో చూసుకోండి" అని నాన్న ముఖం మీదే అనేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాడిని చూసి శిష్యులు అడిగింది ఇదే ప్రశ్న. పాపం చేసింది వీడూ కాదు, వీడి కన్నవాళ్ళూ కాదు అని యేసు ప్రభువు అప్పుడే తేల్చి చెప్పారు. జబ్బు మనిషి దగ్గరికి వెళ్ళేవాళ్ళు దయచేసి ఆ అధ్యాయం ఒకసారి చదువుకుని వెళ్ళండి.

కీమో అయిన వారం నుంచి రెండు వారాల మధ్య తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. ఆ రోజుల్లో ఎవరినీ లోపలికి రానివ్వొద్దన్నారు. ప్రేమతో వచ్చేవాళ్ళని గుమ్మంలోనే ఆపడం అమ్మకి చచ్చేంత మొహమాటం. అయినా ఆపింది. పాస్టరుగారు బయట నిలబడి కిటికీలోంచి ప్రార్థన చేసి వెళ్ళేవారు. స్త్రీల సమాజం వాళ్ళు వంతులేసుకుని మా బట్టలు తీసుకెళ్ళి ఉతికి తెచ్చేవారు.

నాలుగో కీమో అయిన పన్నెండో రోజు రాత్రి. సంఘంవాళ్ళు ఫోన్ స్పీకర్‌లో ప్రార్థన చేస్తున్నారు. అమ్మ నాన్న నుదురు తాకి చూసి థర్మామీటర్ పెట్టింది. 38.3 డిగ్రీల సెల్సియస్. 38 దాటితే ఒక్క గంట కూడా ఆగకూడదని, జ్వరం మాత్ర వేసి చూద్దాం అనుకోకూడదని మాకు ముందే గట్టిగా చెప్పారు. ఫోన్‌లో ఎవరో, "ఈ ప్రార్థన ముగించి బయల్దేరండి" అన్నారు. అమ్మ ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. "మీరు చేస్తూ ఉండండయ్యా, మేము దారిలో చేసుకుంటాం" అని అప్పటికే చెప్పులు వేసేసుకుంది. ఆసుపత్రిలో వెంటనే యాంటీబయాటిక్ ఎక్కించారు. ఇన్‌ఫెక్షనుతో పోరాడే న్యూట్రోఫిల్ కణాలు దాదాపు లేవన్నారు. తెల్లవారేదాకా ఆగి ఉంటే ఏమయ్యేదో తల్చుకోవడానికి కూడా నాకు ధైర్యం చాలదు. ఆరు రోజులకి ఇంటికొచ్చాం. తర్వాతి విడతల్లో తెల్లకణాలు పెరగడానికి పొట్ట మీద చర్మం కిందికి ఇచ్చే ఇంజెక్షన్ రాశారు. సూది చూస్తేనే కళ్ళు తిరిగే తమ్ముడు దాన్ని ఇవ్వడం నేర్చుకున్నాడు. సూది గుచ్చే ముందు ప్రతిసారీ వాడి పెదాలు కదిలేవి.

చివరి రెండూ పెద్ద ఇబ్బంది లేకుండా గడిచాయి. ఆఖరి కీమో తర్వాత ఏడు వారాలు ఆగి, జబ్బు ఇంకా మిగిలి ఉందేమో చూసే పెట్ స్కాన్ తీశారు. తొందరపడితే మందుల వల్ల వచ్చిన వాపు కూడా జబ్బులాగే స్కాన్‌లో వెలుగుతుందట. మాకు అన్నిటికంటే బరువైనవి ఆ ఏడు వారాలే. ఫలితం, కంప్లీట్ రిమిషన్.

ఆదివారం సాక్ష్యం చెప్పమన్నారు. "స్వస్థత కలిగిందని చెప్పండి అన్నా, రిమిషన్ అంటే జనానికేం అర్థమవుతుంది?" అని ఒకరు సలహా ఇచ్చారు. నాన్న ఒప్పుకోలేదు. జబ్బు ఇప్పుడు కనబడటం లేదని, ఇకముందూ పరీక్షలకి వెళ్తూ ఉండాలని ఉన్నది ఉన్నట్టే చెప్పారు. మందుల పేర్లు చెప్పారు. ఆ రాత్రి మందు ఎక్కించిన నర్సమ్మ గురించి చెప్పారు. పౌలు కొలొస్సయులకు రాస్తూ లూకాని ప్రియమైన వైద్యుడన్నాడని గుర్తుచేసి, అందరికీ కలిపి దేవుణ్ణి స్తుతించారు.

ఆ తర్వాత బైబిలు తెరిచి, "88వ కీర్తన" అన్నారు. సాక్ష్యం రోజున ఎవరూ చదవని కీర్తన అది. వేళ్ళ మొద్దు ఇంకా పూర్తిగా తగ్గలేదు. పేజీలు ఒకదానికొకటి అంటుకుపోతున్నాయి. ఒకసారి తిప్పారు, రాలేదు. రెండోసారీ రాలేదు. నేను లేచి వెళ్ళబోతే అమ్మ నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. అందరూ నిశ్శబ్దంగా చూస్తున్నారు. ఆయన తొందరపడలేదు. గోటితో అంచు పట్టుకుని, ఒక్క కాగితాన్నే మెల్లగా విడదీసి, చదవడం మొదలుపెట్టారు.