బొమ్మల సెల్లర్లకు: బీఐఎస్ కాపీ చేతికొస్తే సరిపోదు

ఆన్‌లైన్‌లో బొమ్మలు అమ్మడానికి అప్రూవల్ పెట్టగానే బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) సర్టిఫికెట్ అడుగుతారు. చాలామంది చేసే మొదటి తప్పు అక్కడే. హోల్‌సేల్ షాపుకు ఫోన్ చేసి "అన్నా, బీఐఎస్ కాపీ ఒకటి వాట్సాప్ చెయ్యి" అంటారు. ఆయన ఫోన్‌లో ఉన్న కాపీ ఏదో ఒకటి వస్తుంది. అప్‌లోడ్ చేస్తే ఒక్కోసారి అప్రూవల్ కూడా వచ్చేస్తుంది. కానీ ఆ కాపీ ఏ ఫ్యాక్టరీది? మీ దగ్గరున్న బొమ్మ ఆ ఫ్యాక్టరీలోనే తయారైందా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు లేకపోతే ఆ కాపీ మీకు ఏ రకంగానూ పనికిరాదు.

ముందు చట్టం సంగతి. బొమ్మల నాణ్యత నియంత్రణ ఉత్తర్వు 2020లో వచ్చి, 2021 జనవరి 1 నుంచి అమలవుతోంది. 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకోవడానికి ఉద్దేశించిన వస్తువైతే, దానికి వేరే ఉపయోగం కూడా ఉన్నా సరే, అది బొమ్మ కిందికే వస్తుంది. దాని మీద ఐఎస్ఐ గుర్తు ఉండాలి. లైసెన్స్ తీసుకోవాల్సింది తయారీదారు. అలాగని అమ్మేవాళ్లకు సంబంధం లేదనుకోకండి. బీఐఎస్ చట్టం 2016 ప్రకారం గుర్తు లేని సరుకును తయారు చేయడమే కాదు, అమ్మడం, నిల్వ ఉంచడం, అమ్మకానికి పెట్టడం కూడా నేరమే. ఇంట్లో మంచం కింద ఇరవై పెట్టెలు పెట్టుకుని అమ్మేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది.

"షోపీస్", "డెకరేషన్ ఐటమ్", "గిఫ్ట్ ఆర్టికల్" అని లిస్టింగ్ పెడితే తప్పించుకోవచ్చని సలహా ఇచ్చేవాళ్లుంటారు. వినొద్దు. ఫొటోలో పాప ఆ టెడ్డీని పట్టుకుని నవ్వుతుంటే, కింద రివ్యూలో "మా బాబుకు బాగా నచ్చింది" అని ఉంటే, టైటిల్‌లో షోపీస్ అని రాసుకున్నా లాభం లేదు. నిజంగా పరిధిలోకి రానివి కొన్ని ఉన్నాయి. 500 ముక్కలు దాటిన జిగ్సా పజిళ్లు, సీటు ఎత్తు 435 మిల్లీమీటర్లు దాటిన సైకిళ్లు అలాంటివి. ఆ జాబితా చిన్నది.

ఇక పెట్టె చేతిలోకి తీసుకోండి. ఐఎస్ఐ గుర్తు పైన ప్రమాణం నంబరు, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్స్ నంబరు ఉంటాయి. బీఐఎస్ కేర్ యాప్‌లో లైసెన్స్ వివరాలు సరిచూసే చోట ఆ నంబరు కొట్టండి. కంపెనీ పేరు, ఫ్యాక్టరీ చిరునామా, లైసెన్స్ ప్రస్తుతం అమల్లో ఉందో లేదో కనిపిస్తాయి. పెట్టె మీది తయారీదారు పేరు, చిరునామా యాప్‌లో ఉన్నవాటితో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. తర్వాత ఆ లైసెన్స్ ఏయే రకాల బొమ్మలకు, ఏ బ్రాండ్ పేరుకు ఇచ్చారో తయారీదారునే అడిగి కాగితం తెప్పించుకోండి. మీ సొంత బ్రాండ్ పేరు ముద్రించి అమ్మాలనుకుంటే ఆ పేరును తయారీదారు తన లైసెన్స్‌లో చేర్పించుకోవాలి. "మనది వైట్ లేబుల్ కదా, స్టిక్కర్ మారిస్తే చాలు" అనుకుంటే ఆ క్షణమే గుర్తు చెల్లకుండా పోతుంది.

ప్రమాణం నంబరు దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. కరెంటుతో పని లేని బొమ్మలకు ఐఎస్ 9873, ఎలక్ట్రిక్ బొమ్మలకు ఐఎస్ 15644. ఎలక్ట్రిక్ అనగానే రిమోట్ కారో డ్రోనో అనుకుంటారు. నొక్కితే మియావ్ అనే పిల్లి బొమ్మ, లోపల ఎల్ఈడీ వెలిగే బంతి కూడా ఎలక్ట్రిక్ బొమ్మలే. బటన్ సెల్ (గుండీలా ఉండే చిన్న బ్యాటరీ) ఒక్కటున్నా చాలు. లైట్ వెలిగే బొమ్మ మీద ఐఎస్ 9873 మాత్రమే కనిపిస్తే ఆ సరుకు తీసుకోకండి. ఎవరో మామూలు బొమ్మ లైసెన్స్‌ను దానికి తగిలించారన్నమాట.

ఈ పరీక్షలు దేనికోసమో తెలిస్తే సరుకు కొనేటప్పుడు మీ కన్నే సగం పని చేస్తుంది. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్లో ఊడొచ్చే ఏ ముక్కా 31.7 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గొట్టంలో పూర్తిగా ఇమడకూడదు. ఆ కొలత పసిపిల్లల గొంతుకు లెక్కగట్టింది. ల్యాబ్‌లో ముందు బొమ్మను ఎత్తు నుంచి పడేస్తారు. 18 నెలల లోపు పిల్లలదైతే సుమారు 138 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పది సార్లు, పై వయసుదైతే సుమారు 93 సెంటీమీటర్ల నుంచి నాలుగు సార్లు. తర్వాత కళ్లు, గుండీలు, కుట్లు 70 న్యూటన్ల బలంతో లాగుతారు. అంటే ఏడు కిలోల బరువు వేలాడదీసినంత.

ఒక టెడ్డీని తీసుకుని కన్ను చుట్టూ గుడ్డను వేళ్లతో నొక్కి చూడండి. కంటి వెనక గట్టి బిళ్ల తగిలితే, అది లోపలి నుంచి వాషర్‌తో బిగించిన కన్ను. ఏమీ తగలకుండా కన్ను గుడ్డ మీద అటూ ఇటూ కదులుతుంటే జిగురుతో అంటించి ఉంటారు. అలాంటిది ఎండాకాలం గోడౌన్ వేడికే వదులవుతుంది. కుట్టు దగ్గర రెండు బొటనవేళ్లతో విడదీసి చూస్తే లోపలి దూది తెల్లగా కనిపిస్తోందా? అయితే పిల్లాడు దాన్ని నోట్లోకి లాక్కోవడానికి రెండు రోజులు చాలు.

బటన్ సెల్ విషయంలో మాత్రం ఏ రాజీకీ తావు లేదు. మింగిన సెల్ అన్నవాహికలో ఇరుక్కుంటే తడి తగిలి కరెంటు పారుతుంది, క్షారం పుడుతుంది, రెండు గంటల్లోనే లోపలి కండ కాలిపోవచ్చు. అందుకే సెల్ మూత పరికరం లేకుండా తెరుచుకోకూడదు. గోరుతో లాగితే ఊడిపోయే మూత ఉన్న సరుకు ఎంత చవగ్గా వచ్చినా వెనక్కి పంపండి.

రంగుల సంగతికొస్తే, బొమ్మ నుంచి కరిగి బయటికి వచ్చే లోహాలను కొలుస్తారు. ప్రమాణం ప్రకారం కిలో పదార్థానికి సీసం 90, కాడ్మియం 75 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇది కంటికి కనిపించేది కాదు, ల్యాబ్ రిపోర్టే దిక్కు. రిపోర్టు అడిగినప్పుడు మీ బొమ్మ ఫొటో అందులో ఉందో లేదో చూడండి. ఎర్ర బస్సు రిపోర్టు చూపించి పసుపు బస్సు అంటగడతారు. రంగు మారితే ఆ రంగుకు మళ్లీ పరీక్ష ఉండాలి.

వయసు విషయంలో సెల్లర్లే తెలిసి తెలిసి తప్పు చేస్తారు. చిన్న ముక్కల పరీక్ష తప్పించుకోవడానికి గిలక్కాయ మీద "3 ఏళ్లు పైబడి" అని రాసేస్తారు. గిలక్కాయతో ఆడేది ఎవరో ల్యాబ్‌కూ తెలుసు, అధికారికీ తెలుసు. మెత్తటి బొమ్మలూ అంతే. పెట్టె మీద ఎంత వయసు ఉందో లిస్టింగ్‌లోనూ అదే రాయాలి. "చిన్న భాగాలున్నాయి, ఊపిరాడకపోయే ప్రమాదం, 3 ఏళ్లలోపు పిల్లలకు ఇవ్వవద్దు" అన్న హెచ్చరిక పెట్టె మీదుంటే దాన్ని ఫొటోల్లో ఒకటిగా పెట్టండి, వివరణలో తెలుగులోనూ రాయండి. తయారీదారు ఇచ్చిన హెచ్చరికను కొనేవాళ్లకు చేర్చకపోతే ఆ నష్టానికి అమ్మినవాళ్లే బాధ్యులని వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని 86వ సెక్షన్ చెబుతోంది. తయారీదారు ఎవరో తెలియకపోయినా బాధ్యత అమ్మినవాళ్లదే. బిల్లు లేకుండా నగదుకు సరుకు తెచ్చుకునేవాళ్లు ఈ వాక్యాన్ని రెండోసారి చదవాలి.

అదే సెక్షన్ రిటర్న్ గిఫ్ట్ కాంబోలకూ తగులుతుంది. పుట్టినరోజుల కోసం పన్నెండు చిన్న బొమ్మలు కొని, పెట్టెలు విప్పి, అందమైన సంచుల్లో సర్ది సెట్‌గా అమ్మడం బాగా నడిచే వ్యాపారమే. కానీ ఐఎస్ఐ గుర్తు పెట్టె మీదే ఉంటే, పెట్టెతో పాటు గుర్తు, హెచ్చరిక, బ్యాచ్ నంబరు అన్నీ చెత్తబుట్టలోకి పోయాయి. ఇప్పుడు ప్యాక్ చేసింది మీరు. సెట్ కట్టండి, కానీ ఒక్కో బొమ్మా అసలు ప్యాక్‌లోనే ఉండనివ్వండి. పైన వేసే ప్లాస్టిక్ సంచి పల్చటిది కాకుండా చూడండి. బొమ్మల ప్రమాణంలో ప్లాస్టిక్ షీటుకు అడిగే మందం 0.038 మిల్లీమీటర్లు, అంటే 38 మైక్రాన్లు. అంతకన్నా పల్చనైతే ముఖానికి అతుక్కుంటుంది, అందుకని గాలి ఆడే రంధ్రాలుండాలి.

ప్యాకెట్ మీద ఎమ్మార్పీ, తయారీదారు లేదా దిగుమతిదారు చిరునామా, తయారైన నెల, దిగుమతి సరుకైతే ఏ దేశానిది, ఫిర్యాదుకు ఫోన్ నంబరు వంటివి లీగల్ మెట్రాలజీ నిబంధనల ప్రకారం ఉండాలి. తయారైన నెల తప్ప మిగతావి లిస్టింగ్‌లోనూ కనిపించాలి. "మేడ్ ఇన్ ఇండియా" అని ఊహించి రాయకండి. పెట్టె అడుగున చూసి రాయండి.

మన ఏటికొప్పాక, కొండపల్లి, నిర్మల్ బొమ్మల సంగతి వేరు. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులకు, జీఐ (ఫలానా ప్రాంతపు ప్రత్యేక వస్తువన్న భౌగోళిక గుర్తింపు) ఉన్న వస్తువుల నమోదిత యజమానులకు, అధీకృత వినియోగదారులకు ఈ ఉత్తర్వు నుంచి మినహాయింపు ఉంది. అది తయారుచేసి అమ్మేవాళ్లకు ఇచ్చింది. వాళ్ల దగ్గర కొని మీ అకౌంట్‌లో అమ్మేటప్పుడు ఆ మినహాయింపు మీకూ దానంతటదే వచ్చేస్తుందని అనుకోకండి. కళాకారుల సంఘం పేరు మీదే సెల్లర్ అకౌంట్ తెరిపించి, ఫొటోలు, ప్యాకింగ్, డెలివరీ పని మీరు చూసుకుంటే దారి తేటగా ఉంటుంది. కళాకారుడి పహచాన్ కార్డు (హస్తకళాకారులకిచ్చే గుర్తింపు కార్డు), జీఐ అధీకృత వినియోగదారు పత్రం దగ్గర ఉంచుకోండి. మినహాయింపు కాగితానికే కానీ పిల్లల గొంతుకు కాదు. లేతు మీద తిరిగే అంకుడు కర్రకు లక్క ఆనించి, రాపిడి వేడితో పట్టించిన సహజ రంగు వేరు, డబ్బా ఎనామెల్ వేరు. నోట్లో పెట్టుకునే వయసు పిల్లల బొమ్మకు ఏది వాడారో అడిగి తెలుసుకుని, అదే లిస్టింగ్‌లో రాయండి.

ఆ బొమ్మలే అమెరికాకో యూరప్‌కో పంపితే ఇక్కడి మినహాయింపు అక్కడ చెల్లదు. అమెరికాలో 12 ఏళ్లు, అంతకు తక్కువ వయసు పిల్లల వస్తువుకు సర్టిఫికెట్, ఎవరు, ఎప్పుడు తయారుచేశారో తెలిపే చెరగని ట్రాకింగ్ లేబుల్ ఉండాలి. యూరోపియన్ యూనియన్‌లో బొమ్మకు అక్కడి భద్రతా నియమాలకు సరిపోతుందని తెలిపే సీఈ గుర్తు కావాలి. 2024 డిసెంబరు 13 నుంచి అక్కడే ఉండే బాధ్యుడి పేరు, చిరునామా లిస్టింగ్‌లో చూపాలి కూడా. చేత్తో చేసిందన్న మాట ఒక్కటే అక్కడ సరిపోదు.

ఇంత చూసుకున్నా ఒకరోజు "కన్ను ఊడిపోయింది" అని మెసేజ్ రావచ్చు. 48 గంటల్లో అందిందని జవాబివ్వాలి, నెలలో తేల్చాలి, ఈ-కామర్స్ నిబంధనలు అడిగేది ఇదే. కానీ జవాబు రాసేలోపే ఆ లిస్టింగ్‌లో స్టాక్ సున్నా చేయండి. బ్యాచ్ నంబరు ఫొటో తెప్పించుకోండి. అదే బ్యాచ్‌లోవి మీ దగ్గరున్నవి నాలుగైదు తీసి కళ్లు లాగి చూడండి. ఏ ఆర్డర్‌కు ఏ బ్యాచ్ వెళ్లిందో ఎక్సెల్‌లో రాసుకుని ఉంటే మిగతా కొన్నవాళ్లకు ఆ సాయంత్రమే చెప్పగలరు. రాసుకోకపోతే వందమందిలో ఎవరి ఇంట్లో ఆ బొమ్మ ఉందో మీకు తెలియదు. తిరిగొచ్చిన బొమ్మను మళ్లీ ప్యాక్ చేసి స్టాక్‌లో కలపకండి. దాని మీద తేదీ, ఆర్డర్ నంబరు రాసి విడిగా పెట్టి, తయారీదారుకు రాతపూర్వకంగా తెలపండి.