పాత టేబుల్ వస్తుంది, కొత్తది మాత్రం పర్మిషన్ డినైడ్

నెలాఖరు సాయంత్రం డేటాబేస్‌తో పనిచేసే మాదాపూర్ ఆఫీసుల్లో తరచూ వినబడే మాట: "అన్నా, నిన్నటిదాకా ఉన్న టేబుళ్లన్నీ వస్తున్నాయి. ఈరోజు లోడ్ చేసినదొక్కటే పర్మిషన్ డినైడ్ అంటోంది." తొందరలో సూపర్‌యూజర్ (అన్ని హక్కులూ ఉన్న లాగిన్) ఇచ్చేసి పని కానిచ్చేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. సూపర్‌యూజర్‌కి పర్మిషన్ల తనిఖీయే ఉండదు. తప్పు ఎక్కడుందో ఇక తెలియదు, పైగా దిల్‌సుఖ్‌నగర్ బ్రాంచి వాళ్ల ముందు కూకట్‌పల్లి లెక్కలు కూడా తెరిచినట్టవుతుంది.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ముందు చూడాల్సింది లాగిన్. రిపోర్టింగ్ టూల్ చాలాసార్లు మనిషి పేరుతో కాకుండా తన సొంత లాగిన్‌తో కనెక్ట్ అవుతుంది. ఆ టూల్ నుంచే "సెలెక్ట్ కరెంట్ యూజర్" నడిపి చూడండి. మనం ఒకరికి గ్రాంట్ (అనుమతి) ఇస్తే, అడుగుతున్నది ఇంకొకరని అక్కడే బయటపడవచ్చు.

తర్వాత ఎర్రర్‌ని అక్షరం వదలకుండా చదవాలి. "ఫర్ టేబుల్" అంటే టేబుల్ మీద గ్రాంట్ లేదు. "ఫర్ స్కీమా" అంటే టేబుల్ మీద హక్కు ఉన్నా లేకున్నా, స్కీమా (టేబుళ్లను ఉంచే విభాగం) మీద యూసేజ్, అంటే దాన్ని వాడే హక్కు, లేదు. మోసం చేసేది మూడోది: "రిలేషన్ డజ్ నాట్ ఎగ్జిస్ట్". యూసేజ్ లేని స్కీమాని పోస్ట్‌గ్రెస్ సెర్చ్ పాత్‌లో (టేబుల్ పేరు కోసం వెతికే స్కీమాల వరుసలో) చప్పుడు లేకుండా దాటేస్తుంది. అందుకే ఉన్న టేబుల్ కూడా లేదన్నట్టు కనిపిస్తుంది. టేబుల్ పేరు ముందు స్కీమా పేరు పెట్టి అడిగితే అసలు ఎర్రర్ వస్తుంది.

ఇప్పుడు మొదటి ఫిర్యాదు సంగతి. "గ్రాంట్ సెలెక్ట్ ఆన్ ఆల్ టేబుల్స్ ఇన్ స్కీమా" అనే కమాండ్ బంతిలో అప్పటికే కూర్చున్నవాళ్లకు వడ్డించడం లాంటిది. తర్వాత వచ్చినవాళ్ల విస్తరి ఖాళీగానే ఉంటుంది. ముందుముందు పుట్టే టేబుళ్లకి "ఆల్టర్ డిఫాల్ట్ ప్రివిలేజెస్" కావాలి. ఇంతవరకు చాలామందికి తెలుసు. అది ఇచ్చాక కూడా ఎందుకు పనిచేయదన్నదే అసలు చిక్కు.

ఆ కమాండ్‌లో "ఫర్ రోల్" రాయకపోతే, దాన్ని నడిపిన లాగిన్ సృష్టించే టేబుళ్లకే అది వర్తిస్తుంది. నడిపింది డీబీఏ, అంటే డేటాబేస్ నిర్వాహకుడు. రాత్రి టేబుల్ సృష్టించేది లోడర్ జాబ్ (డేటా నింపే ఆటోమేటిక్ ప్రోగ్రామ్). ఇద్దరూ వేరు కాబట్టి ఫలితం సున్నా, ఎర్రర్ కూడా రాదు. "ఫర్ రోల్" తర్వాత లోడర్ పేరు, "ఇన్ స్కీమా" తర్వాత స్కీమా పేరు, ఆపైన "గ్రాంట్ సెలెక్ట్ ఆన్ టేబుల్స్ టు" అని రిపోర్టుల గ్రూప్ రోల్ (చాలా లాగిన్‌లకు కలిపి హక్కులిచ్చే రోల్) పేరు రాయాలి. పోస్ట్‌గ్రెస్ కమాండ్ టూల్ పీఎస్‌క్యూఎల్‌లో బ్యాక్‌స్లాష్ డీడీపీ కొడితే ఎవరి పేరు మీద ఏ డిఫాల్ట్ ఉందో కనిపిస్తుంది. ఇప్పటికే పుట్టిన టేబుళ్లకి మామూలు గ్రాంట్ విడిగా ఇవ్వాల్సిందే.

రోజూ టేబుల్‌ని డ్రాప్ చేసి (తొలగించి) మళ్లీ క్రియేట్ చేసే జాబ్‌లకీ ఇదే కష్టం, ఎందుకంటే డ్రాప్‌తో పాత గ్రాంట్లూ పోతాయి. నిర్మాణం మారనప్పుడు ట్రంకేట్ చేసి (వరుసలు మాత్రమే ఖాళీ చేసి) నింపడమే మేలు, గ్రాంట్లు అలాగే ఉంటాయి.

టేబుల్ మీద ఎవరికేముందో బ్యాక్‌స్లాష్ డీపీ చెబుతుంది. ఆర్ అంటే సెలెక్ట్ (చదవడం), ఏ ఇన్సర్ట్, డబ్ల్యూ అప్‌డేట్, చిన్న డీ డిలీట్, పెద్ద డీ ట్రంకేట్. "హ్యాజ్ టేబుల్ ప్రివిలేజ్" ఫంక్షన్ రోల్ ద్వారా వారసత్వంగా వచ్చినవి కూడా లెక్కేస్తుంది, కానీ స్కీమాని చూడదు. అది నిజమని చెప్పినా "హ్యాజ్ స్కీమా ప్రివిలేజ్" కూడా అడగండి.

రాసే హక్కుల్లో రెండు చిక్కులు. సీరియల్ కాలమ్ (నంబర్ దానంతటదే పెరిగేది) ఉన్న టేబుల్‌లో ఇన్సర్ట్ చేయాలంటే ఆ నంబర్లిచ్చే సీక్వెన్స్ మీద కూడా యూసేజ్ ఉండాలి, అదే పని చేసే ఐడెంటిటీ కాలమ్‌కైతే అక్కర్లేదు. వేర్ షరతుతో అప్‌డేట్ చేయాలంటే ఆ షరతులోని కాలమ్‌ల మీద సెలెక్ట్ కూడా ఉండాలి.

హక్కులు తీసేసేటప్పుడు (రివోక్) మరింత జాగ్రత్త. మనిషి లాగిన్ నుంచి రివోక్ చేసినా, గ్రూప్ రోల్ నుంచి వస్తున్న హక్కు అలాగే ఉంటుంది. ఆధార్ నంబర్ కాలమ్‌ని దాచాలని ఆ ఒక్క కాలమ్ మీద రివోక్ చేస్తే, టేబుల్ మొత్తానికి సెలెక్ట్ ఉన్నంతవరకు ఏమీ మారదు. టేబుల్ మీద సెలెక్ట్ తీసేసి, చూపించాల్సిన కాలమ్‌లకే విడిగా ఇవ్వాలి. అప్పుడు సెలెక్ట్ స్టార్ (అన్ని కాలమ్‌లూ అడగడం) రాసిన రిపోర్టులు ఆగిపోతాయి, వాళ్లకి ముందే చెప్పండి.

ఎర్రర్ లేకుండా వరుసలు మాత్రమే మాయమైతే రో లెవెల్ సెక్యూరిటీని (ఎవరికి ఏ వరుసలు కనబడాలో నిర్ణయించే పాలసీలను) అనుమానించండి. టేబుల్ ఓనర్‌కి మామూలుగా ఆ పాలసీలు వర్తించవు, కాబట్టి ఓనర్ లాగిన్‌లో పరీక్షిస్తే అన్నీ సక్రమంగానే కనిపిస్తాయి. "సెట్ రోల్"తో ఆ యూజర్‌గా మారి చూడాలి.

పబ్లిక్ స్కీమాలో టేబుల్ సృష్టించడం ఉన్నట్టుండి కుదరకపోతే వెర్షన్ చూడండి. 2022లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 15 నుంచి, కొత్త డేటాబేసుల్లో ఆ హక్కు అందరికీ ఉండదు.

మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్‌లో మాత్రం యూజర్ అంటే పేరొక్కటే కాదు, పేరూ హోస్టూ (ఎక్కడి నుంచి కనెక్ట్ అవుతున్నారో ఆ కంప్యూటర్) కలిపి. లోకల్‌హోస్ట్ (అదే కంప్యూటర్) నుంచి వచ్చేవారికి ఇచ్చిన గ్రాంట్ వేరే సర్వర్ నుంచి అదే పేరుతో వచ్చేవారికి చెల్లదు. 8వ వెర్షన్‌లో రోల్ ఇచ్చినంత మాత్రాన అది లాగిన్ కాగానే పనిచేయదు. "సెట్ డిఫాల్ట్ రోల్" కూడా ఇచ్చి, యూజర్‌ని ఒకసారి బయటకెళ్లి మళ్లీ కనెక్ట్ కమ్మనండి.