సెయిరన్ ఫ్లోట్లు సమంగా నిలిచేదాకా

విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ లోపల ఎన్నోసార్లు తిరిగాను. సుమారు 91 మీటర్ల పొడవు. అయినా లోపల ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకి ఒదగాల్సిందే. అలాంటిది రెండో ప్రపంచయుద్ధంలో జపాన్ వాళ్ళు 122 మీటర్ల ఐ-400 సబ్‌మెరైన్ మీద గొట్టంలాంటి షెడ్డు కట్టి, అందులో మూడు విమానాలు పెట్టుకుని సముద్రం కిందికి వెళ్ళేవారని చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఆ విమానం పేరు ఐచి సెయిరన్. జపాన్ యుద్ధవిమానం జీరో పేరు విననివాళ్ళుండరు, దీన్ని ఎరిగినవాళ్ళే తక్కువ. అన్నీ కలిపి 28 మాత్రమే తయారయ్యాయి. షెడ్డు వ్యాసం మూడున్నర మీటర్లే కనుక రెక్కల్ని నిలువుగా తిప్పి, వెనక్కి మడిచి ఒంటికి ఆనించేవారు. తోక అంచులూ మడిచేవారు. నీళ్ళమీద దిగడానికి కింద తగిలించే పడవల్లాంటి ఫ్లోట్లు విడిగా పెట్టేవారు.

దాని ప్లాస్టిక్ బొమ్మ అతికించి చేసుకునే తమియా కంపెనీ కిట్ తెప్పించుకున్నాను, అసలు విమానంలో 72వ వంతు (1/72) సైజుది. ఈ కొలతలో రెక్కల చివరి నుంచి చివరికి పదిహేడు సెంటీమీటర్లు. కాక్‌పిట్, బాడీ అతుకులు రెండు సాయంత్రాల్లో అయిపోయాయి. చెమటలు పట్టించినవి ఫ్లోట్లే. రెండూ అతికించి, ఎదురుగా కళ్ళ ఎత్తులో పెట్టి చూస్తే ఎడమది మిల్లీమీటరంత లోపలికి తిరిగి ఉంది. ఆ కాస్త వంకరకే విమానం మొత్తం కుంటుతున్నట్టు కనిపించింది. వదిలేయడానికి మనసొప్పలేదు. ప్లాస్టిక్‌ని కరిగించి అతికే పలుచని జిగురు (మోడల్ సిమెంటు) బ్రష్‌తో అతుకు చుట్టూ రెండుసార్లు తడిపితే ప్లాస్టిక్ మెత్తబడింది. అద్దంపలక మీద గ్రాఫ్ కాగితం పరిచి, ఫ్లోట్ల ముక్కులు ఒకే గీత మీదికి జరిపి, రెండు పక్కలా రబ్బరు ముక్కలు ఆనించి, మర్నాటి సాయంత్రం దాకా ముట్టుకోలేదు. ఈసారి సరిగ్గా నిలబడింది.

తర్వాత రంగు. ఆగస్టు నెల, బయట ముసురు. తమియా ఎక్స్‌ఎఫ్-11 నంబరు ముదురు ఆకుపచ్చని, రంగు పల్చన చేసే లాకర్ థిన్నర్‌లో కలిపి ఎయిర్‌బ్రష్‌తో (గాలితో రంగు చల్లే చిన్న గన్‌తో) కొడితే, పది నిమిషాల్లో కుడి రెక్క మీద బూజు పట్టినట్టు తెల్లపొర తేలింది. గాల్లోని తడి ఆరుతున్న రంగులో చిక్కుకుంటే ఇలాగే అవుతుంది. గీకెయ్యబోయి ఆగాను. ఎండ కాసిన రోజు చూసి, నెమ్మదిగా ఆరే రిటార్డర్ థిన్నర్‌ని మంచులా పల్చగా చల్లితే ఆ తెలుపు కళ్ళముందే కరిగిపోయి, కింది ఆకుపచ్చ తేటగా బయటికొచ్చింది. ఆ నిమిషం నాకు ఎంత సంతోషమేసిందో! మన తీరంలో వానాకాలంలో రంగు వేసేవాళ్ళు ఆ సీసా ఒకటి తప్పకుండా దగ్గర పెట్టుకోండి.

గుర్తుల స్టిక్కర్లకి (డెకాల్స్‌కి) ముందు మెరుపు క్లియర్ కోటు వేశాను, కింద గాలి చిక్కి వెండిపొర రాకూడదని. ఎర్ర సూర్యబింబాలు రెక్కమీది గీతల్లోకి చక్కగా దిగాయి.

రంగు పెచ్చులూడినట్టు మాత్రం చెయ్యలేదు. మోడల్స్ చేసే ఎంతో మందికి అదే ఇష్టం, కానీ సెయిరన్ యుద్ధంలో ఒక్క దాడి కూడా చెయ్యలేదు. పనామా కాలువ గేట్లు కూల్చాలని మొదలెట్టి, తర్వాత పసిఫిక్‌లో అమెరికా నౌకాస్థావరం ఉన్న ఉలిథి దీవుల వైపు బయల్దేరారు. 1945 ఆగస్టులో జపాన్ లొంగిపోవడంతో సబ్‌మెరైన్లలో ఉన్నవాటిని సముద్రంలో పారేశారు. మిగిలిన ఒక్కటి అమెరికాలో స్మిత్సోనియన్ మ్యూజియం వారి దగ్గరుంది. అందుకే నా విమానానికి ఎగ్జాస్ట్ గొట్టాల వెనక సన్నగా కాస్త మసి పూసి, అక్కడితో బ్రష్ కడిగేశాను.